నీరు ఒకటి, పద్దులు అనేకం: గుంటూరు, ప్రకాశం మైదానంలో వాననీటి, తాగునీటి గ్రాంట్ల తీరు

పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో తొలివాన పగుళ్లలోకి దిగుతుంది. నేల ఉబ్బి పగుళ్లు మూసుకున్నాక కురిసిన నీరు చేల మీదుగా వాగుల్లోకి పారుతుంది. మిరప, పత్తి పైర్లకు వేసిన ఎరువు, చల్లిన పురుగుమందు కొంత ఆ నీటితోనే కదులుతాయి. పల్లెలో ఆ నీరు చెరువుకు చేరుతుంది. పట్టణంలో కురిసిన వాన ఇళ్ల మురుగును కలుపుకొని గుంటూరులో పీకలవాగు వంటి, ఒంగోలులో పోతురాజు కాలువ వంటి ప్రవాహాలలో పడుతుంది. పొలం నీరు, మురుగు, తాగునీరు ఇలా ఒకదానికొకటి తగులుతూ సాగుతుండగా, వాటి నిర్వహణకు వచ్చే గ్రాంట్లు మాత్రం వేర్వేరు పద్దుల కింద వస్తాయి. ఈ విభజన ఫలితాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్థానిక సంస్థలకు ప్రధాన ఆధారం ఆర్థిక సంఘం గ్రాంటు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీల గ్రాంటులో 60 శాతాన్ని షరతు నిధులుగా నిర్ణయించింది. అందులో సగం పారిశుద్ధ్యానికి. మిగిలిన సగం తాగునీటికి, వాననీటి సంరక్షణకు, నీటి పునర్వినియోగానికి. పది లక్షల లోపు జనాభా గల గుంటూరు, ఒంగోలు వంటి నగరాలకూ దాదాపు ఇదే నియమం వర్తించింది. వాననీటి సంరక్షణ తాగునీటి సరసన చేరింది గానీ, వాననీటి పారుదలకు విడిగా పద్దు లేదు.

2015 జూన్‌లో ఆరంభమైన అమృత్ పథకంలో ఆ పద్దు ఉండేది. లక్ష జనాభా దాటిన పట్టణాలకు ఉద్దేశించిన ఆ పథకంలో తాగునీరు, మురుగునీటి పారుదలతో పాటు వాననీటి కాలువలూ ఒక అంగం. 2021 అక్టోబరులో వచ్చిన అమృత్ 2.0 తాగునీరు, మురుగు శుద్ధి, జలాశయాల పునరుద్ధరణలపై దృష్టి నిలిపింది. వాననీటి కాలువలు ప్రత్యేక అంగంగా మిగలలేదు. చెరువును బాగుచేయడానికి నిధి ఉండి, చెరువులోకి మురుగును మోసుకొచ్చే కాలువకు లేకపోవడం విచిత్రమే.

రాష్ట్ర విభజన తరువాత కేంద్రం విజయవాడ, గుంటూరు నగరాలకు ప్రత్యేక సాయంగా 1000 కోట్ల రూపాయలు ఇచ్చింది. విజయవాడలో అది వాననీటి కాలువలకు, గుంటూరులో భూగర్భ మురుగునీటి వ్యవస్థకు కేటాయింపు అయింది. రెండు చోట్లా పనులు మధ్యలో ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. ఆ మధ్యకాలంలోనే, 2018 మార్చిలో, గుంటూరు పాతపట్టణంలో ఆనందపేట పరిసరాలలో అతిసారం ప్రబలి పదిమందికి పైగా మరణించారు. తాగునీటి గొట్టాలలో మురుగు కలవడమే కారణంగా తేలింది. నగరానికి కృష్ణా నీరు తక్కెళ్లపాడులో శుద్ధి అయి వస్తుంది. శుద్ధి కేంద్రం వద్ద ఎంత మంచి నీరైనా, వీధిలో పగిలిన గొట్టం మురుగు కాలువ పక్కన ఉంటే ఆ శుద్ధి వ్యర్థమే. తాగునీటి గొట్టం ఒక పద్దు, మురుగు గొట్టం మరొక పద్దు. రెండూ కలిసే చోటు ఎవరి పద్దూ కాదు. నగరానికి 2021 మార్చి దాకా దశాబ్దానికి పైగా ఎన్నికైన పాలకవర్గం లేదన్న విషయాన్నీ ఇక్కడ గమనించాలి.

పల్లెల సమస్య వేరు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. అనుమతించే గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ తన నిధుల్లో 2 శాతాన్ని నీటి నాణ్యత పరిశీలనకు కేటాయించి, ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు పరీక్షా పెట్టెల వాడకంలో శిక్షణ ఇవ్వాలని సూచించింది. ఆ పెట్టె ఫ్లోరైడును, నైట్రేటును, క్లోరినును చూపగలదు. పురుగుమందు అవశేషాలను చూపలేదు. భారతీయ ప్రమాణాలు తాగునీటిలో మోనోక్రోటోఫాస్‌కు లీటరుకు 1 మైక్రోగ్రాము పరిమితి విధించాయి; దాన్ని కొలవాలంటే ఖరీదైన పరికరాలు గల ప్రయోగశాలే గతి. మిరప, పత్తి సాగయ్యే ఊళ్లలో అడగవలసిన మొదటి ప్రశ్నకు ఆ పెట్టె దగ్గర జవాబు లేదు.

మంజూరైన గ్రాంటు చేతికందడమూ తేలిక కాదు. 2018 ఆగస్టులో పదవీకాలం ముగిసిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు జరగలేదు. ఎన్నికైన పాలకవర్గాలకే ఆర్థిక సంఘం నిధులన్న నియమం వల్ల ఆ మేరకు గ్రాంటు ఆగింది. తరువాత 15వ ఆర్థిక సంఘం నిధులను ప్రభుత్వం విద్యుత్ బకాయిలకు జమచేసుకోగా సర్పంచులు ఆందోళనకు దిగారు. ఆ బకాయిలలో వీధిదీపాలతో పాటు తాగునీటి మోటార్ల కరెంటు బిల్లులూ ఉన్నాయి కనుక వివాదం ఏకపక్షం కాదు. నీటి మోటారు తిరగాలన్నా, కాలువ పూడిక తీయాలన్నా ఏటేటా ఖర్చు తప్పదు. కొత్త నిర్మాణానికి ఇచ్చే గ్రాంటులో ఆ ఖర్చుకు చోటుండదు.

అయితే షరతు నిధుల్లో వాననీటి సంరక్షణ అన్న మాట ఉన్నందున, చెరువుకు నీరు తెచ్చే వాగు గట్టున గడ్డి పట్టీ పెంచడం, చెరువు ముందు మడుగు తవ్వి ఒండ్రును నిలపడం వంటి పనులను గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చేందుకు అవకాశం కనబడుతుంది. మందు చాలామటుకు మట్టి రేణువులను అంటిపెట్టుకొని కదిలే చోట, ఒండ్రు ఆగితే దానితో పాటు మందు కూడా కొంత ఆగుతుంది. ప్రణాళికలో ఆ పనిని రాయవలసింది గ్రామసభే.