ఇటాలియను భాషయందుఁ దుమర్థకము – పరోక్తి

పరుల పలుకును దలఁపును దెలుపుటకుఁ దెలుఁగున "అని" యనునదియు, సంస్కృతమున "ఇతి" శబ్దమును సాధనములు. ఇటాలియను భాషయం దీ పనిని "కే" యను నవ్యయము చేయును. అయినఁ జెప్పువాఁడును, జెప్పఁబడిన క్రియకుఁ గర్తయు నొక్కఁడే యగునెడ "ది" యను నవ్యయముతోఁ దుమర్థకము వచ్చును. "క్రేదో ది అవేర్ రజోనే" యనఁగా "నా మాట సరియని తలఁచుచున్నాను" అని యర్థము. కర్త భిన్నమైనచో "క్రేదో కే మరీయా అబ్బియా రజోనే" యని వేఱు వాక్యము కావలయును. లాటినునందు భిన్నకర్త ద్వితీయాంతమై తుమర్థకముతోఁ గూడెడిది. ఇటాలియనునం దారీతి గ్రంథభాషకే పరిమితము.

ఇచ్ఛార్థక ధాతువులు పరమగునపుడు సమానకర్తృకమందుఁ బాణిని తుమున్నును విధించెను. నియమము సదృశమే, కాని సంస్కృతమున నది పరోక్తికిఁ జెల్లదు.

క్రియ పూర్వకాలికమైనచో సహాయక్రియ తుమర్థకమగును: "దీచే ది అవేర్ లెత్తో" – "చదివితినని చెప్పుచున్నాఁడు."

సందేహము పుట్టునది విధియందు. "ఆ దెత్తో ఆ లుయీజీ ది ఎస్సెరే స్తాంకో" యనఁగా "తా నలసితినని లుయీజీతోఁ జెప్పెను." తుదిపదమును "ప్రుదెంతే" యని మార్చినచో "జాగరూకుఁడవై యుండుమని లుయీజీతోఁ జెప్పెను" అని యగును. రూప మొక్కటియే, మొదట వక్త కర్త, పిదప శ్రోత కర్త. అలసట యాజ్ఞకు లోఁబడదు, జాగరూకత లోఁబడును. కావున నర్థమే నిర్ణాయకము. తెలుఁగున "అలసితిని", "ఉండుము" అను క్రియలే యీ భేదమును దెలుపును. తుమర్థకమునఁ బురుషము మఱుఁగుపడును. దాని నరసి నిలుపని యనువాదమున నాజ్ఞ వార్తయగును, వార్త యాజ్ఞయగును.