నవలలోని వేటగాడు – తెరమీది ముఖం

నవల చదివే ప్రతి పాఠకుడూ తనకు తెలియకుండానే ఒక చలనచిత్ర దర్శకుడు. రచయిత తన నాయకుణ్ణి గురించి పొడవైన మనిషి, నిశ్చలమైన చూపు అని రెండు ముక్కలు వ్రాసి ఊరుకుంటాడు. ముక్కు, మీసం, నడక, కంఠస్వరం – మిగిలిన సరంజామా అంతా పాఠకుడే సమకూర్చుకుంటాడు. ఆ నవల సినిమాగా రానున్నదన్న వార్త చెవిని పడగానే ఈ లోపలి దర్శకుడు మేల్కొంటాడు. ఆ వేషం ఎవరికిస్తారు, ఎవరికివ్వకూడదు అన్న వాదం మొదలవుతుంది. ఈ వాదానికి విమర్శ గ్రంథాలలో చోటు తక్కువ. బస్టాండులలో, చాయ్ హోటళ్ళలో, విద్యార్థి వసతిగృహాలలో చాలా ఎక్కువ. హైదరాబాదు–విజయవాడ రహదారి మీద, అద్దంకి దారి చీలే చోట వెలసిన మా నార్కట్‌పల్లి వంటి కూడలిలో బస్సు కోసం నిరీక్షించేవారికి కొరత లేదు. ఒకప్పుడు వారి చేతిలో అద్దెకు తెచ్చిన నవల ఉండేది, నేడు సెల్‌ఫోను ఉన్నది. వాదం మాత్రం మారలేదు. దీనిని కేవలం కాలక్షేపమని కొట్టివేయడం తగదని మా అభిప్రాయం. ఈ విషయాన్ని పరిశీలించడానికి అపరాధ పరిశోధక నవలలలోని ఒక ప్రత్యేక శాఖను, అనగా దూరం నుండి పొంచి కాల్చే 'స్నైపర్' కథలను తీసుకొందాము.

స్నైపర్ అన్న మాట ఇంగ్లీషుదే అయినా అది పుట్టినది మన నేల మీద. ఉల్లంకి పిట్టను ఇంగ్లీషులో స్నైప్ అంటారు. చలికాలంలో వరిమళ్ళలో, చెరువు అంచులలో వాలే ఈ పిట్ట బురద రంగులో కలిసిపోయి కంటికి ఆనదు. అలికిడి అయితే వంకరటింకరగా ఎగిరి తుపాకికి అందదు. పద్దెనిమిదవ శతాబ్దిలో మన దేశంలోని ఆంగ్ల సైనికాధికారులు ఈ పిట్టల వేటకు పోవడాన్ని 'స్నైపింగ్' అని తమ ఉత్తరాలలో వ్రాసుకొన్నారు. పిట్టను కొట్టగలిగిన గురికి వచ్చిన పేరు తరువాత మనిషిని కొట్టే గురికి అంటుకొన్నది.

ఈ వృత్తిలో కాల్చడం అతి స్వల్పం, కాచుకొని ఉండడం అత్యధికం. ఎనిమిది వందల మీటర్ల దూరాన ఉన్న లక్ష్యాన్ని చేరడానికి తూటాకు ఒక సెకనుకు మించి పడుతుంది. ఈలోగా భూమ్యాకర్షణ దానిని కొన్ని మీటర్లు క్రిందికి లాగుతుంది, ప్రక్కగాలి త్రోసివేస్తుంది, లక్ష్యం ఒక అడుగు వేస్తుంది. కాల్చేవాడు ఇవన్నీ ముందుగానే లెక్క కట్టి, శ్వాస బిగబట్టి, మీటను నొక్కాలి. నవలాకారునికి ఇది వరం. ఒక్క సెకనును అతడు నాలుగు పుటలు సాగదీయగలడు. కాల్చేవాని తలపులలోనికి పాఠకుణ్ణి కొనిపోగలడు. కెమెరా తలపులను చూపలేదు, ముఖాన్నే చూపగలదు. అందుచేతనే ఈ కథలలో ఆ ముఖం ఎవరిదన్న ప్రశ్నకు ఇంతటి బరువు.

ఈ శాఖకు మకుటాయమానమైనది ఫ్రెడరిక్ ఫోర్సైత్ 1971లో ప్రకటించిన 'ది డే ఆఫ్ ది జాకల్'. ఫ్రాన్సు అధ్యక్షుడు డి గాల్‌ను చంపడానికి ఒక రహస్య సైనిక సంస్థ పరాయిదేశపు కిరాయి హంతకుణ్ణి నియమిస్తుంది. డి గాల్ హత్యకు గురికాలేదనీ, 1970లో తన ఇంటనే కన్నుమూశాడనీ పుస్తకం కొన్న ప్రతివానికీ తెలుసు. ఫలితం ముందే తెలిసిన కథను చివరి పుట వరకూ ఊపిరి సలపకుండా చదివించడం సామాన్య విషయం కాదు. దీనికి కీలకం హంతకుని పనితనంలో ఉన్నది. దొంగ పాస్‌పోర్టు ఎలా సంపాదించాలి, తుపాకిని కుంటివాని ఊతకర్రలో ఎలా దాచాలి – రచయిత ఒక వృత్తివిద్యను బోధిస్తున్నట్లు ఓపికగా చెప్పుకుపోతాడు. హంతకుని అసలు పేరు మాత్రం చివరివరకూ బయటపడదు. చిట్టచివర డి గాల్ ఒక వృద్ధ సైనికునికి పతకం తొడిగి, ఫ్రెంచి ఆచారం ప్రకారం ముద్దు పెట్టడానికి తల వంచుతాడు. తూటా గురి తప్పుతుంది. పరాయిదేశపు హంతకుడు ఇంతటి లెక్కలోనూ ఆ ఒక్క ఆచారాన్ని లెక్కించలేదు!

1973లో ఫ్రెడ్ జిన్నెమన్ దీనిని తెరకెక్కించినప్పుడు పెద్ద తారలను కాదని, అప్పటికి అంతగా ప్రసిద్ధి లేని ఎడ్వర్డ్ ఫాక్స్‌ను తీసుకొన్నాడు. గుంపులో కలిసిపోవడమే హంతకుని ప్రధానాయుధం అయినప్పుడు, తెర మీద కనిపించగానే ప్రేక్షకులు ఈలలు వేసే నటుడు ఆ వేషానికి ఎలా పనికివస్తాడు? చెట్టుకు పుచ్చకాయ వ్రేలాడదీసి, తుపాకి గురిని మరలు త్రిప్పి సరిచేసుకొనే దృశ్యంలో ఫాక్స్ ముఖం మీద కోపం లేదు, క్రౌర్యం లేదు. ఒక గడియారం బాగుచేసేవాని శ్రద్ధ మాత్రమే ఉన్నది. ఇదే కథాసూత్రాన్ని 1988లో మలయాళంలో సిబి మలయిల్ 'ఆగస్ట్ 1' పేరుతో కేరళకు మలచినప్పుడు తార అయిన మమ్ముట్టికి పోలీసు అధికారి వేషమే ఇచ్చి, హంతకునిగా కెప్టెన్ రాజును నిలిపారు.

మన తెలుగునాట ఈ వ్యవహారం వేరుదారిన నడిచింది. వారపత్రికల ధారావాహికలు వెలిగిన కాలంలో 'సశేషం' అన్న మాటకూ, మరుసటి సంచికకూ మధ్య వారం రోజుల వ్యవధి ఉండేది. ఆ వ్యవధిలోనే పాఠకులు వేషాలు పంచిపెట్టేవారు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' 1976లో చిత్రంగా వచ్చినప్పుడు నాయకుడు రాజశేఖరం వేషం ధరించిన అక్కినేని నాగేశ్వరరావు గారికి యాభై ఏళ్ళు దాటాయి. వయస్సు లెక్కించిన పాఠకులకు గొంతులో వెలక్కాయ పడి ఉండవచ్చును గాని, చిత్రం విజయవంతమైంది. తరువాత యండమూరి వీరేంద్రనాథ్ గారి నవలలు వరుసగా తెరకెక్కాయి. 'అభిలాష' (1983), 'ఛాలెంజ్' (1984), 'రాక్షసుడు' (1986), 'మరణ మృదంగం' (1988) – నాలుగింటికీ దర్శకుడు ఎ. కోదండరామిరెడ్డి గారే, నాయకుడు చిరంజీవియే. దీని ఫలితం విచిత్రమైనది. అంతకు పూర్వం నవల చదివి నటుణ్ణి వెదికేవారు. ఇప్పుడు నటుణ్ణి మనస్సులో కూర్చోబెట్టుకొని నవల తెరిచేవారు. మల్లాది వెంకటకృష్ణమూర్తి గారి డిటెక్టివ్ కథను 1986లో జంధ్యాల 'చంటబ్బాయ్'గా తీసినప్పుడు అదే చిరంజీవి కొట్టడం మాని నవ్వించాడు. వీరుణ్ణే చూడ వచ్చిన ప్రేక్షకునికి అది కొంత అయోమయంగానే ఉండి ఉంటుంది. ఇక మధుబాబు గారి 'షాడో' అభిమానుల సంగతి చెప్పనవసరం లేదు. ముప్పై ఏళ్ళ క్రితం షాడోగా ఎవరు తగునని తగవులాడినవారు నేడు తాతలై, ఈనాటి నటులలో తగినవాడు లేడని తగవులాడుతున్నారు!

పాఠకుల కొలబద్ద ఎంత పట్టుదల గలదో తెలుసుకోవడానికి ఇటీవలి ఉదాహరణ ఒకటి ఉన్నది. లీ చైల్డ్ 2005లో వ్రాసిన 'వన్ షాట్' కూడా స్నైపర్ కథయే. ఒక పట్టణంలో అయిదుగురు తుపాకి గురికి నేలకూలుతారు. నిజం కనుగొనడానికి జాక్ రీచర్ వస్తాడు. నవలలో ఇతడు ఆరడుగుల అయిదంగుళాల భారీ విగ్రహం. 2012లో వచ్చిన చిత్రంలో ఈ వేషం ధరించిన టామ్ క్రూజ్ అయిదడుగుల ఏడంగుళాల మనిషి. పాఠకులు ఆ పది అంగుళాలను క్షమించలేదు. ఎత్తు ఒక ఉపమానం మాత్రమేననీ, ఆపలేని శక్తికి గుర్తనీ రచయిత మొదట సమర్థించాడు గాని, తరువాత పాఠకుల పక్షానికే వచ్చాడు. 2022లో మొదలైన టెలివిజన్ ధారావాహికలో బలిష్ఠుడైన అలన్ రిచ్‌సన్‌కు ఆ వేషం దక్కింది. మా దృష్టిలో ఇక్కడ పాఠకులదే న్యాయం. రీచర్ గదిలో అడుగుపెడితే గది చిన్నబోవాలి. కథలోని సగం సన్నివేశాలు ఆ దేహం మీదనే ఆధారపడి ఉన్నాయి. అయితే ప్రతిసారీ పాఠకుని మాట చెల్లదు. స్టీఫెన్ హంటర్ 1993లో వ్రాసిన 'పాయింట్ ఆఫ్ ఇంపాక్ట్' నాయకుడు వియత్నాం యుద్ధంలో పోరాడినవాడు. 2007లో 'షూటర్'గా తీసేనాటికి వియత్నాం సైనికుడు అరువదికి చేరువై ఉంటాడు. కనుక యుద్ధాన్నే మార్చి ముప్పై అయిదేళ్ళ మార్క్ వాల్‌బర్గ్‌ను నిలిపారు. ఇది నటుని దోషం కాదు, క్యాలెండరు దోషం.

నాయకుని సంగతి ఇలా ఉండగా, హంతకుని ముఖం విషయమై మన చిత్రసీమ తగినంత ఆలోచించలేదని మేము భావిస్తున్నాము. ఎడ్వర్డ్ ఫాక్స్ ముఖం చూచి అతడు ఏ మతం వాడో, ఏ పేట వాడో ఎవరూ చెప్పలేరు. అందుకే అతడు భయం పుట్టిస్తాడు. కాని మన అనేక చిత్రాలలో పొంచి ఉన్నవాని కంటికి సుర్మా, మెడలో తావీజు, నోట రెండు ఉర్దూ మాటలు పెట్టి పని ముగిస్తారు. కథలో మూడవ అంకం వరకూ దాగవలసిన రహస్యం మొదటి అంకంలోనే వేషధారణ వల్ల బట్టబయలు అవుతుంది. ఇది కళకు నష్టం. సినిమా చూచి బయటకు వచ్చి, అదే సుర్మా కన్నులతో అదే బస్సు ఎక్కవలసిన పిల్లవానికి కలిగే నష్టం వేరు. దానిని టికెట్ల లెక్కలో ఎవరూ చూపరు. నల్లగొండ జిల్లా 1946 మొదలు 1951 వరకు సాయుధ పోరాటాన్ని కన్నులారా చూచినది. తుపాకి పట్టేవాడు ఎలా ఉంటాడో మా పెద్దలు సినిమా చూచి నేర్చుకోలేదు. వారు చూచిన ముఖాలలో మఖ్దూం మొహియుద్దీన్ ఆశయాలు నమ్మిన ముఖాలూ ఉన్నాయి, రజాకార్ల ముఖాలూ ఉన్నాయి. రెండూ పొరుగువారి ముఖాలే.

ఈ చిక్కును ఉర్దూ పాఠకలోకం మరొక విధంగా ఎరుగును. అలహాబాదు నుండి 1952లో 'జాసూసీ దునియా' ఆరంభించి, కరాచీలో స్థిరపడిన ఇబ్నె సఫీ (1928–1980) నవలలను హైదరాబాదు రాష్ట్రపు ఇళ్ళలో తల్లులు, కొడుకులు వంతులు వేసుకొని చదివేవారు. ఆయన సృష్టించిన ఇమ్రాన్ పైకి వట్టి వెర్రిబాగులవాడు. అతడే తమ రహస్యాధిపతి 'ఎక్స్‌టూ' అని అతని అనుచరులకే తెలియదు. వారికి వినిపించేది ఫోనులో ఒక గొంతు మాత్రమే. ఆయన నవల ఆధారంగా 1974లో పాకిస్తానులో 'ధమాకా' చిత్రం వచ్చినప్పుడు ఇమ్రాన్ వేషం ఎవరికీ ఇవ్వలేదు. నాయకునిగా అతని సహచరుడు జఫరుల్ ముల్క్‌ను నిలిపి, ఆ వేషాన్ని కొత్తవాడైన జావేద్ షేక్‌కు ఇచ్చారు. ఎక్స్‌టూ ముఖం తెర మీదకు రాలేదు, గొంతు మాత్రం వినిపించింది. ఆ గొంతు ఇబ్నె సఫీదే.