డియన్ బియన్ ఫూ ముట్టడి

ముట్టడి యనగా కోటచుట్టును సేనలు విడిసి, లోనివారికి తిండియు మందుగుండును అందకుండ చేయుట. 1954లో వియత్నాం కొండల నడుమ జరిగిన ముట్టడియు నట్టిదే. కాని యచట లోనివారికి విమానములు కలవు; వెలుపలివారికి ముఖ్యముగా కాలిబలమే ఆధారము. ఐనను తిండికి కటకటపడినది లోనివారే. ఈ వింత ఎట్లు జరిగినదో తెలిసికొన్నచో, ఇండోచైనాలో ఫ్రెంచివారి ఏలుబడి ఏల ముగిసినదో బోధపడును.

హోచిమిన్ నాయకత్వమున వియత్‌మిన్ దళములు 1946 డిసెంబరు నుండి ఫ్రెంచివారితో పోరాడుచుండెను. ఏడేండ్లయినను యుద్ధము తేలలేదు. అడవులలో దాగి పోరాడు శత్రువును బయలునకు రప్పించి ఒక్కదెబ్బతో కూల్చవలెనని ఫ్రెంచి సేనాధిపతి నవార్ తలచెను. 1953 నవంబరు 20వ తేదీన లావోస్ సరిహద్దు దాపుననున్న డియన్ బియన్ ఫూ లోయలో పారాచూట్ సైనికులు దిగిరి. చుట్టును కొండలు, నడుమ విమానములు దిగు బాట, దానిచుట్టు స్త్రీల పేరులు గల దుర్గములు. స్థావరమునకు అధిపతి కల్నల్ ద కాస్త్రీ.

ఈ ఏర్పాటంతయు రెండు నమ్మకములపై నిలిచియుండెను. శత్రువు పెద్ద ఫిరంగులను ఆ కొండలపైకి చేర్చలేడనునది మొదటిది. విమానములు సరఫరాలను ఎల్లప్పుడును తేగలవనునది రెండవది.

వియత్‌మిన్ సేనాని గియాప్ ఒకప్పుడు చరిత్ర బోధించిన ఉపాధ్యాయుడు. చైనానుండి ఆయనకు ఫిరంగులును సలహాదారులును లభించిరి. లారీలు పోగలిగినంతవరకు లారీలపై, ఆపైన త్రాళ్ళు కట్టి మనుష్యులే ఆ ఫిరంగులను కొండలపైకి లాగిరి. రెండున్నర లక్షలకు పైగా గ్రామీణులు రాత్రులందు బియ్యమును, గుండ్లను మోసిరి. ఇందొక చిక్కు కలదు. దూరప్రయాణమున కావడి మోయువాడు తాను మోయు బియ్యములో చాలభాగము త్రోవలో తానే తినవలసియుండును. అందుచే సైకిళ్ళకు వెదురుకఱ్ఱలు కట్టి, ఒక్కొక్కదానిపై 200 కిలోల వరకు బరువుంచి, ప్రక్కన నడచుచు నెట్టుకొనిపోయిరి.

జనవరి చివర దాడికి సర్వము సిద్ధమయ్యెను. కాని విజయము నిశ్చయము కాదని గ్రహించి, గియాప్ 26వ తేదీన దాడిని ఆపించెను. అంత శ్రమతో ఎక్కించిన ఫిరంగులను మరల వెనుకకు లాగవలసి వచ్చెను. తన జీవితమున అతి కఠినమైన నిర్ణయమిదియేయని ఆయన పిమ్మట చెప్పుకొనెను. ఆ విరామమున ఫిరంగులకు కొండకడుపున గుహలు త్రవ్వబడెను.

మార్చి 13వ తేదీ సాయంకాలము ఆ ఫిరంగులు మ్రోగెను. బియాట్రీస్ దుర్గము ఆ రాత్రియే పడిపోయెను. దాని వెనుకనే గాబ్రియెల్ పడెను. శత్రువుల ఫిరంగులను నోరెత్తనీయనని మాట యిచ్చిన ఫ్రెంచి ఫిరంగిదళాధిపతి పిరో, ఆ మాట దక్కించుకొనలేక ఆత్మహత్య చేసికొనెను. మార్చి నెలాఖరుకు విమానముల బాట పనికిరాకుండెను. పారాచూట్లతో సరఫరాలను జారవిడిచిరి. కాని కందకములు దగ్గరకు జరిగిన కొలదియు వానిలో పెక్కు శత్రువుల చేతిలోనే పడెను. వానలు కురిసి, నేలక్రింది ఆసుపత్రులలో గాయపడినవారు బురదలో పడియుండిరి. మే 7వ తేదీన, 56వ దినమున, స్థావరము లొంగిపోయెను.

మఱునాడే జెనీవాలో ఇండోచైనా సమస్యపై చర్చలారంభమయ్యెను. జూలైలో ఒడంబడిక కుదిరెను. దాని అమలును చూచుటకేర్పడిన అంతర్జాతీయ సంఘమునకు మనదేశమే అధ్యక్షత వహించెను. కాని 17వ అక్షాంశమువద్ద వియత్నాం రెండుగా చీలెను. ఆ దేశమున మరల తుపాకులు నిలుచుటకు 1975 వరకు వేచియుండవలసి వచ్చెను.

విజయపు లెక్కలో ప్రాణముల లెక్కయు చేర్చవలెను. గెలిచినవారిలోను వేలమంది నేలకొరగిరి. పట్టుబడిన పదివేల పైచిలుకు సైనికులలో తిరిగి యింటికి చేరినవారు మూడవవంతు మాత్రమే. ఫ్రెంచివారు పటమున కొండల ఎత్తును కొలిచిరి, ఫిరంగుల బరువును కొలిచిరి. తన నేలకొఱకు రాత్రివేళ బరువు నెత్తుకొని నడచు మనుష్యుని మాత్రము లెక్కలోనికి తీసికొనలేదు.