బ్రేకు వేస్తే స్టీరింగు ఎందుకు కొట్టుకుంటోంది? లిఫ్ట్ చేసిన జిమ్నీ: అపోహలు – వాస్తవాలు

జిమ్నీకి రెండు అంగుళాల లిఫ్ట్ కిట్ వేయించారు. పెద్ద టైర్లు తొడిగారు. వారం తిరక్కుండానే విజయవాడ హైవే ఎక్కారు. దారంతా బండి బాగానే ఉంది. పంతంగి టోల్‌గేటు కనిపించి, 80 వేగంలో బ్రేకు మీద కాలు పెట్టగానే స్టీరింగు రెండు చేతుల్లోనూ గడగడా కొట్టుకుంది. వేగం 40కి దిగేసరికి ఏమీ జరగనట్టు ఊరుకుంది. ఇలాంటి బండి గ్యారేజీకి వెళ్తే నలుగురూ నాలుగు కారణాలు చెబుతారు, ఒక్కో కారణానికీ ఒక్కో బిల్లు. ఆ మాటల్లో నిజమెంతో చూద్దాం.

మన దేశంలో 2023 జూన్‌లో అమ్మకానికి వచ్చిన జిమ్నీకి ముందూ వెనకా ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే గట్టి యాక్సిల్ హౌసింగు ఉంటుంది. ముందు హౌసింగును రెండు పొడవాటి ఆర్ములు ఛాసిస్‌కు పట్టి ఉంచుతాయి. అది పక్కలకు జరగకుండా పాన్‌హార్డ్ రాడ్ ఆపుతుంది. పాత జిప్సీలో ఈ పనంతా కమాను పట్టీలదే. 2020లో వచ్చిన కొత్త థార్‌లో ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి కాబట్టి ఆర్ముల గురించి, పాన్‌హార్డ్ గురించి ఇక్కడ చెప్పేది దాని ముందు భాగానికి వర్తించదు. డిస్కులు, నట్ల సంగతి మాత్రం ఏ బండికైనా ఒకటే.

అపోహ: “బ్రేకు వేసినప్పుడే ఊగుతోందంటే డిస్కులు వంకరపోయినట్టే.”

అందరూ మొదట అనేది ఇదే, ఎక్కువ డబ్బు దండగయ్యేదీ ఇక్కడే. డిస్కు వేడికి అప్పడంలా వంగిపోవడం అరుదు. తరచుగా జరిగేవి రెండు. బాగా వేడెక్కిన బ్రేకును గట్టిగా తొక్కిపట్టి సిగ్నల్ దగ్గర నిలబడితే ప్యాడ్ పదార్థం డిస్కుకు ఒకచోట మందంగా అంటుకుంటుంది. లేదా డిస్కుకూ హబ్‌కూ మధ్య తుప్పు పేరుకునో, వీల్ నట్లు గన్‌తో తలా ఒక రకంగా బిగించడం వల్లనో డిస్కు తిన్నగా కూర్చోదు. లిఫ్ట్ చేసేటప్పుడు చక్రాలు విప్పి బిగిస్తారు కదా, ఈ రెండోది అప్పుడే మొదలవుతుంది. అందుకే అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఖర్చులేనిది. చక్రాలు విప్పి, హబ్ ముఖం శుభ్రంగా గీకి, నట్లను టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా బిగించండి. ఆ తర్వాతే డయల్ గేజ్ పెట్టి డిస్కు ఊపు కొలవాలి. చాలా కంపెనీలు అనుమతించే ఊపు మిల్లీమీటరులో పదో వంతుకు మించదు. అంత చిన్న తేడాను కంటితో పట్టలేం. కొలవకుండా డిస్కుల్ని లేత్ మీద తిప్పించడం వాటి ఆయుష్షును ఊరికే తగ్గించడమే.

డిస్కు తప్పును గుర్తుపట్టే పద్ధతి ఒకటుంది. జిమ్నీకి కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.18 మీటర్లు కదులుతుంది. అంటే 80 వేగంలో చక్రం సెకనుకు దాదాపు 10 చుట్లు, 60లో 7 నుంచి 8 చుట్లు తిరుగుతుంది. తప్పు డిస్కుదైతే వణుకు ఈ లెక్క ప్రకారమే నెమ్మదిస్తూ బండి ఆగేదాకా ఎంతోకొంత తెలుస్తుంది, బ్రేకు పెడల్ కూడా కాలి కింద లేచి పడుతుంది. పెడల్ నిలకడగా ఉండి, స్టీరింగు మాత్రం ఏదో ఒక వేగం దగ్గరే కొట్టుకుని, ఒకసారి మొదలయ్యాక బాగా నెమ్మదిస్తే తప్ప ఆగకపోతే డిస్కుల్ని కాసేపు పక్కన పెట్టి హౌసింగు వైపు చూడండి. వెనక డ్రమ్ముల మీద అనుమానముంటే ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద, నెమ్మది వేగంలో, బటన్ నొక్కిపట్టి హ్యాండ్ బ్రేకును మెల్లగా లాగండి. వణుకు వస్తే తప్పు వెనకుంది. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు ఏబీఎస్ చేసే టకటకను ఈ వణుకుగా పొరబడి కంగారు పడొద్దు.

అపోహ: “స్ప్రింగులే కదా మార్చాం, స్టీరింగును ముట్టుకోలేదు.”

స్టీరింగును ముట్టుకోకపోయినా దాని కోణం మారిపోయింది. సైకిల్ ముందు ఫోర్కు ఏటవాలుగా ఉండటం చూసే ఉంటారు. చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోవడానికి ఆ వాలు ఒక కారణం. బండిలో దాన్ని కాస్టర్ అంటారు. లిఫ్ట్ చేస్తే ఛాసిస్ లేచి, ఆర్ముల ముందు కొస కిందికి వాలి, ఆర్ములతో పాటు హౌసింగు ముందుకు తిరుగుతుంది, కాస్టర్ తగ్గుతుంది. ఒక ఆర్ము పొడవు 70 సెంటీమీటర్లు అనుకుందాం. దాని కొస 5 సెంటీమీటర్లు దిగితే కోణం 4 డిగ్రీలు మారుతుంది. కంపెనీ ఇచ్చే కాస్టరే కొద్ది డిగ్రీలు అయినప్పుడు ఆ తేడా చిన్నది కాదు. “రెండు అంగుళాలకు ఏం కాదులే” అనేవాళ్ళకు ఈ లెక్క చూపించండి.

ఇక బ్రేకు సంగతి. ప్యాడ్లు డిస్కును పట్టగానే చక్రం తిరిగే దిశలోనే హౌసింగు కూడా తిరగబోతుంది. అంటే దాని పైభాగం ముందుకు వస్తుంది. దాన్ని ఆపేవి ఆర్ముల చివర ఉండే రబ్బరు బుష్షులే. అవి మెత్తబడితే, అప్పటికే తగ్గిన కాస్టర్ ఆ క్షణంలో ఇంకాస్త తగ్గుతుంది. అదే సమయంలో బరువంతా ముందుకు ఒరిగి పాన్‌హార్డ్ రాడ్, టైరాడ్ ఎండ్లు, కింగ్‌పిన్ బేరింగులు అన్నిటి మీదా లోడు పడుతుంది. ఎక్కడ కొంచెం ప్లే ఉన్నా అక్కడి నుంచి ఊపు మొదలవుతుంది. బరువైన పెద్ద టైరు దాన్ని పెంచుతుంది. మామూలుగా నడిపేటప్పుడు దాగి ఉన్న వదులును బ్రేకు బయటపెడుతుంది, అంతే.

ఇక్కడే ఇంకో తప్పు జరుగుతుంది, దీన్ని చెప్పేవాళ్ళు తక్కువ. బండిని లేపి, హౌసింగు వేలాడుతుండగానే ఆర్ముల బోల్టులు, పాన్‌హార్డ్ బోల్టులు బిగించేస్తారు. బండి దిగి చక్రాల మీద నిలబడగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, కొన్నాళ్ళకు చిరుగుతుంది. ముందు బోల్టుల్ని వదులుగా పెట్టి, బండి తన బరువు మీద తాను నిలబడ్డాకే చివరి బిగింపు వేయాలి. మీ బండి ముందు నిలబడి మెకానిక్‌ను ఈ ఒక్క మాట అడగండి: “అన్నా, బోల్టులు బండి కిందికి దించాక బిగించారా?”

అపోహ: “అలైన్‌మెంట్ చేయించాం, రిపోర్టు అంతా పచ్చగానే ఉంది.”

గట్టి హౌసింగు ఉన్న బండికి మామూలు అలైన్‌మెంట్ సెంటర్‌లో సరిచేసేది టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే. కాస్టర్ సరిచేయడానికి కంపెనీ ఏ సర్దుబాటూ ఇవ్వలేదు. రిపోర్టులో కాస్టర్ అంకె అచ్చవుతుంది, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకునే ముందు దాన్ని చదవండి. తక్కువగా ఉంటే దారి ఆఫ్‌సెట్ బుష్షులో, కోణం సరిదిద్దిన ఆర్ములో. లిఫ్ట్ వల్ల హౌసింగు ఒక పక్కకు జరిగి ఉంటే పొడవు మార్చుకోగల పాన్‌హార్డ్ రాడ్ కావాలి. కాస్టర్ మరీ ఎక్కువ పెంచినా ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చెడి కొత్త వణుకు పుడుతుందని గుర్తుంచుకోండి.

అపోహ: “గట్టి స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే పోతుంది.”

పోదు, దాక్కుంటుంది. ఈ జిమ్నీకి డ్యాంపర్ కంపెనీ నుంచే వస్తుంది. దాని పని రోడ్డు దెబ్బలు చేతికి తగలకుండా చూడటం, అరిగిన బుష్షు పని చేయడం కాదు. లోపల ప్లే పెరుగుతూ పోయి, ఒకరోజు కొత్త డ్యాంపర్ కూడా ఆపలేని స్థితి వస్తుంది. అప్పటికి మీరు హైవే మీద ఉండొచ్చు.

ప్లే ఎక్కడుందో కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. చక్రాలు నేల మీదే ఉండగా, ఇంజన్ ఆన్ చేసి, ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా ఆడిస్తుంటే ఇంకొకరు వంగి పాన్‌హార్డ్ రాడ్ రెండు చివరలూ, టైరాడ్ ఎండ్లూ చూడాలి. బండి కదలకుండా హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు పెట్టడం మరవొద్దు. తర్వాత జాకీతో ముందు చక్రం లేపి, స్టాండు పెట్టి, గడియారంలో 12, 6 ఉండే చోట పట్టుకుని ఊపండి. ప్లే తగిలితే లోపలున్నవాళ్ళను బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపండి. ఈసారి ప్లే పోతే వీల్ బేరింగు, అలాగే ఉంటే కింగ్‌పిన్ బేరింగు. ఈ పద్ధతి తెలిస్తే అనవసరంగా విప్పే పని సగం తగ్గుతుంది. బండి కిందికి దూరినప్పుడే బ్రేకు హోసులు కూడా చూడండి. హౌసింగు పూర్తిగా వేలాడినప్పుడు అవి బిగుసుకుంటున్నాయంటే ఆ బండిని రోడ్డెక్కించకూడదు.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. లిఫ్ట్ చేయించాలనుకుంటే ముందు ఆర్టీఓ కార్యాలయంలో, బీమా సంస్థలో అడిగి తెలుసుకోండి.

ఇప్పటికే చేయించి, బ్రేకు వేస్తే స్టీరింగు కొట్టుకుంటుంటే మారేడుమిల్లి ట్రిప్పు ఒక వారం వాయిదా వేయండి. నట్లు, హబ్, బుష్షులు, పాన్‌హార్డ్, కింగ్‌పిన్, కాస్టర్ అంకె ఈ వరసలో చూపించండి. డిస్కులు కొనడం ఆ తర్వాత.