కువైట్ పోయే ముందు

అక్కా, మీ ఊళ్లో కువైట్ పోయి వచ్చినవాళ్లు ఉన్నారా? రాయచోటి, రాజంపేట వైపు అయితే ఈ ప్రశ్నే అడగక్కర్లేదు. కోనసీమలో, నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో కూడా అంతే. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి మగవాళ్లు ఎక్కువగా దుబాయికి, సౌదీకి పోతారు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు కువైట్‌కు ఇంటిపనికి పోతారు.

ఎందుకు పోతారో మీకు ఒకరు చెప్పాలా? వానలు లేవు. అప్పు ఉంది. కూతురి పెళ్లి ఉంది. ఇల్లు సగంలో ఆగింది. పోయినవాళ్లలో చాలామంది ఇల్లు కట్టుకున్నారు. పిల్లల్ని చదివించారు. అది నిజం. ఉత్త చేతులతో తిరిగి వచ్చినవాళ్లూ ఉన్నారు. అదీ నిజమే. ఆ తేడా చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. విమానం ఎక్కక ముందే, కాగితాల దగ్గర.

ముందు పాస్‌పోర్టు సంగతి. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మామూలుగా ‘ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్’ రకం. అంటే ఏమిటి? ఈమె పనికి పోయే ముందు మన ప్రభుత్వం ఆమె కాగితాలు చూసి, సరే అనాలి. కువైట్, సౌదీ, ఒమన్, ఖతార్, దుబాయి లాంటి 18 దేశాలకు ఈ నియమం ఉంది. 1983లో వచ్చిన వలసల చట్టం ప్రకారం ఈ అనుమతి ఇస్తారు. దానికి హైదరాబాదులో ఆఫీసు ఉంది.

ఇంటిపనికి పోయే ఆడమనిషికి 30 ఏళ్లు నిండాలి. ఇలాంటి పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2016లో కేంద్రం నియమం పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థ పేరు ఓంక్యాప్. తెలంగాణలో టామ్‌కామ్.

ఊళ్లో తిరిగే ఏజెంటు ఈ మాట చెప్పడు. చెబితే అతని బేరం పోతుంది. “వయసు తక్కువా? రెండేళ్లు ఎక్కువ వేయిస్తాలే” అంటాడు. “అనుమతీ గినుమతీ ఎందుకు, నేను లేనా” అంటాడు. మాట తియ్యగానే ఉంటుంది. కానీ తప్పుడు కాగితం మీద పోయిన మనిషి అక్కడ కష్టం వచ్చినా నోరెత్తలేదు. ఏజెంటుకు కావలసింది కూడా అదే.

ఇక వీసా. దీన్ని బాగా చూడాలి. కువైట్‌లో ఇంటిపని వీసాను 20 నంబరు వీసా అంటారు. కంపెనీ పనికి 18 నంబరు వీసా. ఒకామెకు ఆసుపత్రిలో ఊడ్చే పని అని చెప్పారనుకోండి. చేతికి 20 నంబరు వీసా ఇచ్చారనుకోండి. ఆమె పోయేది ఆసుపత్రికి కాదు, ఒకరి ఇంటికి. ఇంకా ప్రమాదమైంది విజిట్ వీసా. అది చుట్టపుచూపుగా పోయేవాళ్లకు ఇచ్చేది. దాని మీద పని చేయటం నేరం. గడువు దాటితే పోలీసులు పట్టుకునేది పంపిన ఏజెంటును కాదు, మిమ్మల్ని.

వీసా తరువాత ఒప్పందం కాగితం. జీతం ఎంత, ఎన్నేళ్లు, సెలవు ఎప్పుడు అన్నీ అందులో ఉంటాయి. అది అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో ఉండదు. అందుకని ఏజెంటు కాకుండా వేరే ఎవరిచేతనైనా చదివించుకోండి. బడి టీచరమ్మ ఉంది. కాలేజీలో చదివే పిల్ల ఉంది. చదివి చెప్పిన తరువాతే సంతకం. వేలిముద్ర వద్దు. మీ పేరు రాయటం మీకు వచ్చు కదా!

అరబ్బీ అంకెల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అవి మన కళ్లను మోసం చేస్తాయి. వాళ్ల సున్న ఒక చుక్క. మన సున్నలాగా గుండ్రంగా కనిపించేది వాళ్ల 5. మన 7 లాగా కనిపించేది వాళ్ల 6. కాబట్టి 60 దీనార్లు అని రాస్తే, మనకు 7 పక్కన చుక్క పెట్టినట్టు కనిపిస్తుంది. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే జీతం కాగితం చూసి కంగారు పడక్కర్లేదు. ఇవాళ పలక మీద రాసి చూడండి. అరగంట పని.

ఈ 60 ఎందుకు చెప్పానంటే, ఇంటిపనివాళ్ల కోసం కువైట్‌లో 2015లో ఒక చట్టం వచ్చింది. నెలకు కనీసం 60 దీనార్లు ఇవ్వాలని 2016లో నిర్ణయించారు. విశ్రాంతితో కలిపి రోజుకు 12 గంటలు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు మనిషి దగ్గరే ఉండాలి, యజమాని లాక్కోకూడదు. చట్టం ఉంది, సరే. అన్ని ఇళ్లలో జరుగుతుందా? జరగదు. కొన్ని ఇళ్లలో పొద్దున లేచింది మొదలు అర్ధరాత్రి దాకా పనే. అయినా చట్టం తెలిసిన మనిషి అడగగలుగుతుంది. తెలియని మనిషి అదే రాత అనుకుంటుంది.

అక్కడ ఇంటావిడను ‘మామా’ అంటారు. మన మామయ్య కాదు, అమ్మ అని అర్థం. వీసా ఇచ్చిన యజమానిని కఫీల్ అంటారు. మీరు ఆ దేశంలో ఉండటానికి అనుమతి ఆయన పేరుతో ముడిపడి ఉంటుంది. అందుకే ఆ ఇల్లు వదిలి బయటికి పోయి, ఇంకొకరి ఇంట్లో పనికి చేరితే చిక్కే. కఫీల్ ‘పారిపోయింది’ అని రిపోర్టు ఇస్తాడు. ఇక బజారులో తిరగాలన్నా భయమే. కొట్టినా, తిండి పెట్టకపోయినా, జీతం ఆపినా నేరుగా మన ఎంబసీకి పోవాలి. కువైట్‌లో పోలీసు నంబరు 112. మన దేశంలో ఇంటివాళ్లు 1800 11 3090కి ఫోను చేయవచ్చు. డబ్బులు పడవు. ఈ నంబర్లు సెల్లులో పెట్టుకుంటే చాలదు. సెల్లు లాక్కునేవాళ్లూ ఉంటారు. నోటికి రావాలి.

ప్రభుత్వ అనుమతితో పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్లకు 10 లక్షలు వస్తాయి. దొంగదారిన పోయినవాళ్లకు ఇది ఉండదు.

బట్టలు సర్దేటప్పుడు ఒక స్వెట్టరు పెట్టుకోండి. కువైట్ అంటే ఎండే అనుకుంటారు. డిసెంబరు, జనవరిలో చలి బాగా ఉంటుంది. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం అన్నిటికీ రెండు జిరాక్సులు తీయించండి. ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంట్లో.

ఇంకొకటి. పోయే ముందు బ్యాంకులో మీ పేరు మీద ఖాతా తెరవండి. మరిది పేరు మీదో, అన్న పేరు మీదో డబ్బు పంపి, తిరిగి వచ్చాక లెక్క అడగలేక ఏడ్చినవాళ్లు ఉన్నారు. ఇంటి ఖర్చుకు కొంత పంపండి, మిగిలింది మీ ఖాతాలో వేయండి. జీతం ఏ తేదీన ఇచ్చారో, ఎంత ఇచ్చారో, ఎంత పంపారో ఒక చిన్న నోటుబుక్కులో ప్రతి నెలా రాసుకోండి. రేపు జీతం ఆగి ఎంబసీకి పోతే, ఏ నెల నుంచి ఆగిందని అడుగుతారు. అప్పుడు ఆ బుక్కు తీసి చూపించవచ్చు.