మొదటి ఇంటి కొనుగోలు: ధర బేరం, అడ్వాన్సు, ఒప్పందం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• అమ్మకందారు చెప్పే ధర, మార్కెట్ ధర, మీ గరిష్ఠ ధర - ఈ మూడింటి మధ్య తేడాను వివరించగలుగుతారు.
• బేరానికి కూర్చునే ముందే మీ గరిష్ఠ ధరను లెక్క కట్టగలుగుతారు.
• అడ్వాన్సు ఇచ్చే ముందు ఒప్పందంలో రాయించుకోవలసిన షరతులను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

కూరగాయల బేరంలో పొరపాటు జరిగితే పోయేది పది రూపాయలు. మరునాడు మరో కొట్టుకు వెళతాం. ఇంటి బేరం అలాంటిది కాదు. చాలా కుటుంబాలు జీవితంలో ఒక్కసారే ఇల్లు కొంటాయి. అందువల్ల మొదటిసారి కొనేవారి దృష్టి అంతా ధర మీదే ఉంటుంది. ఎంత తగ్గించామన్నదే గెలుపుగా భావిస్తారు. నిజానికి మన పొదుపు భద్రంగా ఉండటం రెండు అంశాల మీద ఆధారపడుతుంది. ఒకటి, ఎంత ధర దాటితే లేచి రావాలో ముందే తెలిసి ఉండటం. రెండు, అడ్వాన్సును ఏ షరతుల మీద ఇస్తున్నామో కాగితం మీద ఉండటం.

2. మూడు ధరలు

అమ్మకందారు మొదట చెప్పేది అతని కోరిక. మార్కెట్ ధర అంటే అదే ప్రాంతంలో, అదే రకమైన ఇళ్లు ఇటీవల వాస్తవంగా అమ్ముడైన ధర. మీ గరిష్ఠ ధర మీ పొదుపు, మీకు వచ్చే రుణం కలిపి మోయగల హద్దు. అమ్మకందారుకు కూడా మనసులో ఒక కనిష్ఠ ధర ఉంటుంది. అతని కనిష్ఠ ధర మీ గరిష్ఠ ధర కంటే తక్కువగా ఉన్నప్పుడే బేరం కుదురుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్నదే బేరసారాల పరిధి.

మార్కెట్ ధర తెలుసుకోవడానికి ప్రకటనలు చాలవు. అవి కూడా కోరికలే. అదే అపార్ట్‌మెంటులో ఇటీవల కొన్నవారిని, అసోసియేషన్ సభ్యులను అడగండి. చదరపు అడుగు రేటును పోల్చేటప్పుడు ఒకే కొలతను వాడండి. ఒకరు కామన్ ఏరియా కలిపి 1,200 చదరపు అడుగులు అంటారు, మరొకరు కార్పెట్ ఏరియా చెబుతారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే పోలిక తప్పుతుంది.

3. గరిష్ఠ ధరను లెక్క కట్టడం

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం గృహరుణం 30 లక్షల వరకు అయితే ఇంటి విలువలో 90 శాతం, 30 లక్షలు దాటి 75 లక్షల వరకు అయితే 80 శాతం, ఆపైన అయితే 75 శాతం మించరాదు. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుములను సాధారణంగా ఈ విలువలో కలపరు. అవి మీ జేబు నుంచే రావాలి.

ఉదాహరణ: ఉద్యోగాలు చేసే ఒక దంపతుల వద్ద 18 లక్షల పొదుపు ఉంది. వారి జీతాలను బట్టి గరిష్ఠంగా 45 లక్షల రుణం వస్తుంది. ఒక పాత ఫ్లాటుకు యజమాని 62 లక్షలు అడిగాడు. అదే భవనంలో ఇటీవల అలాంటి ఫ్లాట్లు 56 నుంచి 58 లక్షలకు అమ్ముడయ్యాయి. రిజిస్ట్రేషన్ ఖర్చులు మొత్తం 7.5 శాతం అనుకుందాం.

• 57 లక్షలకైతే: సొంతంగా 12 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 4,27,500. మొత్తం 16,27,500. చేతిలో 1,72,500 మిగులుతుంది.
• 58 లక్షలకైతే: 13 లక్షలు, 4,35,000. మొత్తం 17,35,000. మిగిలేది 65,000.
• 59 లక్షలకైతే: 14 లక్షలు, 4,42,500. మొత్తం 18,42,500. పొదుపు చాలదు.

కాబట్టి వారి హద్దు 58 లక్షలు. రంగులు, మరమ్మతులు, సామాను తరలింపు కూడా లెక్కలోకి తీసుకుంటే 57 లక్షల దగ్గర ఆగడం మంచిది. ఈ అంకెను బేరం మొదలుకాకముందే కాగితం మీద రాసుకోవాలి. బేరం వేడిలో “ఇంకో లక్షే కదా” అనిపించినప్పుడు ఆ కాగితమే మనల్ని ఆపుతుంది.

4. బేరం నడిపే పద్ధతి

మొదటి అంకెకు కారణం చూపండి. పై దంపతులు 54 లక్షలతో మొదలుపెట్టి, ఇటీవలి అమ్మకాలను, బాత్‌రూములో తేమ పట్టిన గోడను, మార్చవలసిన వైరింగును చూపించారనుకుందాం. కారణం లేకుండా తక్కువ చెబితే అవమానంగా తోస్తుంది. కారణంతో చెబితే చర్చ మొదలవుతుంది. తరువాత పెంచే మెట్లు చిన్నవవుతూ పోవాలి: 54, 55.5, 56.5, 57. హద్దు దగ్గరపడుతోందని ఎదుటివారికి అర్థమవుతుంది.

అమ్మకందారుకు ధర ఒక్కటే ముఖ్యం కాదు. పిల్లల చదువుకో, మరో ఇల్లు కొనడానికో అతనికి త్వరగా డబ్బు కావాలి. బ్యాంకు నుంచి ముందస్తు రుణ ఆమోదం చేతిలో ఉన్న కొనుగోలుదారు తక్కువ ధర చెప్పినా అతనికి నమ్మకం కలుగుతుంది. ధర ఇక తగ్గనప్పుడు అల్మారాలు, ఫ్యాన్లు వదిలి వెళ్లడం, అసోసియేషన్ బకాయిలు చెల్లించడం వంటివి అడగవచ్చు.

మధ్యవర్తి ఎంత మంచివాడైనా, బేరం కుదిరితేనే అతనికి కమీషన్ వస్తుంది. మీ గరిష్ఠ ధరను అతనికి చెప్పకండి.

5. ప్రతిపాదన, అంగీకారం, అడ్వాన్సు

భారత ఒప్పందాల చట్టం, 1872 ప్రకారం అంగీకారం షరతులు లేనిదై ఉండాలి. మీరు 56 అంటే అతను 58 అనడం అంగీకారం కాదు, అది ఎదురు ప్రతిపాదన. అంగీకారం పూర్తయ్యే లోపు మీ ప్రతిపాదనను వెనక్కి తీసుకోవచ్చు. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 54వ సెక్షన్ ప్రకారం విక్రయ ఒప్పందం మాత్రమే ఆస్తి మీద హక్కు కల్పించదు. రిజిస్టరయిన విక్రయ దస్తావేజుతోనే యాజమాన్యం బదిలీ అవుతుంది. అంటే అడ్వాన్సు ఇచ్చిన రోజుకూ రిజిస్ట్రేషన్ రోజుకూ మధ్య మీ డబ్బుకు రక్షణ ఒప్పందంలోని మాటలే.

ఈ సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మొదటిసారి ఇల్లు కొనబోయినప్పుడు ధరలో ఇరవై వేలు తగ్గించానన్న సంబరంలో, అడ్వాన్సు రసీదు మీద ఒక్క షరతూ రాయించుకోలేదు. రుణం ఆలస్యమై గడువు దాటింది. యజమాని మరొకరికి అమ్ముకున్నాడు. ఇచ్చిన లక్షలో సగమే తిరిగి వచ్చింది. తగ్గించిన ఇరవై వేలు ఎక్కడా కనిపించలేదు.

మన దంపతుల విషయానికి వద్దాం. బేరం 57 లక్షలకు కుదిరింది. బ్యాంకు నిపుణుడు ఆ ఫ్లాటు విలువను 53 లక్షలుగా కట్టాడనుకోండి. అందులో 80 శాతం, అంటే 42,40,000 మాత్రమే రుణంగా వస్తుంది. రిజిస్ట్రేషన్‌తో కలిపి వారికి 18,87,500 కావాలి. 87,500 తక్కువ పడుతుంది. ఒప్పందంలో షరతు లేకపోతే అడ్వాన్సు ప్రమాదంలో పడినట్టే.

అందువల్ల ఒప్పందంలో ఇవి ఉండాలి:
(అ) నిర్ణీత మొత్తం రుణం మంజూరు కాకపోయినా, హక్కు పత్రాల్లో లోపం తేలినా అడ్వాన్సు పూర్తిగా, ఫలానా తేదీలోపు తిరిగి ఇవ్వాలి.
(ఆ) రిజిస్ట్రేషన్‌కు స్పష్టమైన గడువు.
(ఇ) లింకు డాక్యుమెంట్లు, ఈ.సి., పన్ను రసీదులు చూపే బాధ్యత, పాత రుణం తీర్చే బాధ్యత అమ్మకందారుదే.
(ఈ) ఇంటితో పాటు ఇచ్చే వస్తువుల జాబితా.

స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు లేదా అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. అడ్వాన్సును బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ధర 50 లక్షలు లేదా ఆపైన ఉంటే కొనుగోలుదారు 1 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. 57 లక్షలకు అది 57,000. ఇది అదనపు ఖర్చు కాదు, అమ్మకందారుకు ఇచ్చే సొమ్ములోంచే మినహాయిస్తారు. కొత్త ప్రాజెక్టుల్లోనైతే, రెరా చట్టం, 2016 ప్రకారం రాతపూర్వక ఒప్పందం చేసుకుని రిజిస్టరు చేయించకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదు.

కొందరు “దస్తావేజులో తక్కువ చూపిద్దాం, మిగతాది నగదు” అంటారు. దస్తావేజులో ధర తగ్గితే రుణమూ తగ్గుతుంది. రేపు మీరు అమ్మేటప్పుడు లాభం ఎక్కువగా కనిపించి పన్ను మీ మీద పడుతుంది. తగ్గినట్టు కనిపించే ఆ ధర నిజంగా తగ్గింది కాదు.

6. సారాంశం

బేరం శక్తి మాటల నేర్పులో కాక, లేచి రాగల స్థితిలో ఉంటుంది. ఆ స్థితి మన లెక్కల నుంచి వస్తుంది. ధర కుదిరిన తరువాత మన పొదుపును కాపాడేది ఒప్పందంలోని షరతులు. తొందరపెట్టే అమ్మకందారుతో “రేపు కాగితం రాసుకుని, అప్పుడు అడ్వాన్సు ఇస్తాను” అనడం మర్యాదకు లోటు కాదు.

7. స్వయం పరీక్షా ప్రశ్నలు

1. బేరసారాల పరిధి అంటే ఏమిటి? అది ఎప్పుడు ఉండదు?
2. పై ఉదాహరణలో పొదుపు 16 లక్షలే అయితే, 57 లక్షల ధరను దంపతులు అంగీకరించవచ్చా? లెక్కతో చూపండి.
3. మీకు తెలిసినవారు ఇచ్చిన ఒక అడ్వాన్సు రసీదును పరిశీలించి, అందులో లేని షరతులను రాయండి.