ఫిరోజా ఉంగరం ఎక్కడిది? చేసిందెవరు?

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ పెట్టెలు తెరిస్తే ఆకాశం రంగు రాయి పొదిగిన వెండి ఉంగరం ఒక్కోసారి బయటపడుతుంది. "ఇది అసలైన నీషాపూర్ ఫిరోజా, మా దాదాజాన్ ఇరాన్ నుంచి తెప్పించారు" అని ఇంట్లోవాళ్ళు గర్వంగా చెబుతారు. ఇంటి ముచ్చటగా ఉన్నంతవరకు ఆ మాటవల్ల నష్టం లేదు. పంపకాల్లోకి వచ్చినప్పుడే చిక్కు.

కొన్నేళ్ళ క్రితం మాకు తెలిసిన ఒక కుటుంబంలో తండ్రి గతించారు. అప్పులు తీర్చాక మిగిలినది వారసులు పంచుకుంటున్నారు. తండ్రిగారి ఉంగరానికి పెద్ద కొడుకు భారీ వెల కట్టి, చెల్లెలికి రావలసిన సొమ్ముకు బదులుగా దాన్ని ఇవ్వబోయాడు. "నీషాపూర్ రాయి, ఇరాన్ ఉస్తాద్ పనితనం, లోపల ఆయన పేరు కూడా ఉంది" అన్నాడు. అతను మోసగాడు కాదు, చిన్నప్పటి నుంచి విన్నదే నమ్మాడు. ఆ పేరు చదివిపెట్టమని ఉంగరం మా దగ్గరికి తెచ్చారు.

భూతద్దం పెట్టి చూశాం. అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. చే, అలిఫ్, నూన్, దాల్, యే. అది ఏ ఉస్తాద్ పేరూ కాదు, "చాందీ" అన్న ఉర్దూ మాట! ఫార్సీలో వెండిని "నుఖ్రా" అంటారు. ఇరాన్ కంసాలి తన ఉంగరం మీద చాందీ అని ఎందుకు రాస్తాడు? కాబట్టి ఆ ఉంగరం ఉర్దూ వాడుకలో ఉన్న చోటే తయారై ఉండాలి. మరి రాయి సంగతి? అది వేరే ప్రశ్న.

మూడు ప్రశ్నలు, మూడు జవాబులు

ఇలాంటి నగ చేతికి వచ్చినప్పుడు మూడు విషయాలు విడివిడిగా అడగాలి. రాయి ఏ గనిది? వెండి ఎంత స్వచ్ఛమైనది? చేసిన చేయి ఎవరిది? ఒకదానికి దొరికిన జవాబు మరొకదానికి సాక్ష్యం కాదు.

రాయి: ఫార్సీలో "పీరోజ్" అంటే విజయం పొందిన అని. అరబ్బీలో 'ప' లేదు గనుక అది ఫిరోజా అయింది. తుర్కీ మీదుగా యూరప్ చేరినందువల్ల అక్కడివాళ్ళు దీన్ని టర్కాయిస్ అన్నారు, అంటే తుర్కీ రాయి. దారిని బట్టి వచ్చిన పేరే తప్ప గనిని బట్టి వచ్చింది కాదు! ఖురాసాన్‌లోని నీషాపూర్ గనులు శతాబ్దాలుగా ప్రసిద్ధం. 11వ శతాబ్దపు పండితుడు అల్ బీరూనీ రత్నాల మీద రాసిన గ్రంథంలో ఫిరోజా గురించి కూడా వివరించాడు. అయితే సీనాయ్‌లో, చైనాలో, అమెరికాలో కూడా ఈ గనులున్నాయి. రంగు ఒక్కటే చూసి గని పేరు చెప్పడం నిపుణులకే కష్టం.

కంటికి పట్టుబడేది నకిలీ. హౌలైట్, మాగ్నసైట్ అనే తెల్లరాళ్ళకు నీలిరంగు ఎక్కించి అమ్ముతారు. పగుళ్ళలో రంగు ముదురుగా పేరుకుని, పెచ్చు లేచిన చోట తెల్లగా కనిపిస్తే అనుమానించాలి. ఫిరోజా పొడిని జిగురుతో ముద్ద చేసి రాయిగా మలిచేవారూ ఉన్నారు. వేడి సూదితో గుచ్చి చూడకండి, అసలు రాయి కూడా పాడవుతుంది. రత్న పరీక్షాశాలకు పంపడం మేలు.

వెండి: 925 అని ముద్ర ఉంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి అని అర్థం. పాత ఇరాన్, రష్యా సరుకు మీద 84 కనిపిస్తుంది. అది 96కు 84 పాళ్ళు, అంటే 875. ఉస్మానియా సుల్తానుల కాలపు తుర్కీ వెండి మీద సుల్తాన్ తుగ్రా ఉంటుంది. మన దేశంలో వెండికి హాల్‌మార్క్ 2005లో వచ్చింది. 2025 సెప్టెంబరు 1 నుంచి హాల్‌మార్క్ వేసే వెండి నగకు ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు. అయితే అది వెండికి హామీయే కాని రాయికి కాదు.

చేసిన చేయి: ఫార్సీ పనివారు తమ పేరుకు ముందు "అమల్" అని చెక్కడం ఉంది. అంటే 'ఫలానావారి పని'. ఉర్దూ చదివే మన పిల్లలు దీన్ని సులువుగా పట్టగలరు. అమెరికా నుంచి మనవాళ్ళు తెచ్చే ఫిరోజా వెండి నగలు చాలావరకు అక్కడి నవాహో, జూనీ తెగల పేరుతో అమ్మేవి. ఆ పనివారు సొంత ముద్రలు వేయడం 1930ల తర్వాతే బాగా పెరిగింది. కనుక పాత నగ మీద ముద్ర లేనంత మాత్రాన నకిలీ కాదు. ఇతరులు చేసిన దాన్ని ఆ తెగలవారి పని అని చెప్పి అమ్మితే 1990 నాటి అక్కడి చట్టం ప్రకారం నేరం.

అడుగున ఉన్నది పైకి తీయండి

ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసి, తడిసిన గింజలు అడుగున దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించిన సంఘటన మనకు తెలిసిందే. జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు. రంగు వేసిన రాయిని రంగు వేసిందని చెప్పి అమ్మితే తప్పేముంది? దానికి నీషాపూర్ పేరు తగిలించడమే తప్పు.

ఆ కుటుంబం ఉంగరాన్ని పరీక్షకు పంపింది. రాయి నిజమైన ఫిరోజాయేనని తేలింది. గని పేరు మాత్రం కాగితంలో లేదు. కొత్తగా కట్టిన వెల, అన్న అనుకున్న దానిలో చిన్న భాగమే. మిగిలిన సొమ్ము అతను చెల్లెలికి నగదుగా ఇచ్చాడు. ఉంగరం మాత్రం ఆమే తీసుకుంది. "అబ్బాజాన్ వుజూకి ముందు తీసి గూట్లో పెట్టేవారు, నాకు అది గుర్తు" అంది. ఆయన పద్ధతి మంచిది. ఫిరోజా సబ్బునూ నూనెనూ అత్తరునూ పీల్చుకుని పచ్చబడుతుంది.

మీ ఇంట్లోనూ అలాంటి ఉంగరం ఉంటే ఈ జుమా రోజునే ఒక కాగితం తీసుకోండి. ఎవరు కొన్నారు, ఎక్కడ, ఏ సంవత్సరం అన్నది పెద్దలను అడిగి రాయండి. తెలియని చోట తెలియదనే రాయండి. రేపు పంచుకునే పిల్లలకు ఆ కాగితం కూడా అవసరమే.